స్వభావమా, భూమా?

నార్వేవాడు జాతి స్వభావం చేతనే కష్టజీవి అనీ, గ్రీకువాడు పుట్టు బేరగాడనీ అమెరికా వలసల గురించి చెప్పే మాట చదువుకున్నవారి నోట కూడా విన్నాను. ఒకప్పుడు తరగతిలో నేనూ అన్నాను. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాట నిలవదు.

1862 హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్ళు కాపురముండి సాగుచేసిన కుటుంబానికి నామమాత్రపు రుసుముతో 160 ఎకరాలిచ్చింది. నార్వేలో సొంత పొలమన్నది లేని కౌలుకూలీలెందరో మిన్నెసోటా, డకోటాలలో రైతులయ్యారు. అదేమీ బీడు నేల కాదు. ఆ ఏడే డిసెంబరు 26న మాంకాటోలో 38 మంది డకోటాలను ఒక్కసారే ఉరితీశారు. మరుసటేడు ఆ జాతిని మిన్నెసోటా నుంచి వెళ్ళగొట్టటానికి చట్టం చేశారు. పొదుపును గురించి పాఠాలు చెప్పేవారు ఈ పుట తిప్పేస్తారు.

గ్రీకులు పెద్ద సంఖ్యలో వచ్చింది 1890 తరవాత. అప్పటికి మంచి భూమి పంపకమైపోయింది. మిగిలినవి రైలుమార్గాల పనులూ, గనులూ, కూలిలో వాటా కోసుకునే దళారీలూ. 1909లో సౌత్ ఒమాహాలో అల్లరిమూకలు గ్రీకుపేటను ధ్వంసం చేసి, వారిని ఊరినుంచి తరిమాయి. 1914లో కొలరాడోలోని లడ్‌లో బొగ్గుగని సమ్మెలో నాయకుడు లూయిస్ టీకస్‌ను కాల్చి చంపారు. 1924 చట్టం ఏటా నార్వేకు 6,453 ప్రవేశాలిచ్చింది, గ్రీసుకు 100. స్వభావాన్ని తూచిన త్రాసు ఇదన్నమాట!

మరి ఈనాడు గ్రీకు సంతతి చదువులో, ఆదాయంలో అమెరికా సగటుకు తీసిపోదు. రక్తం మారిందా? కూలీలలో కొందరు హోటళ్ళూ, మిఠాయి దుకాణాలూ పెట్టుకున్నారు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన కొడుకులకు 1944 చట్టం ప్రభుత్వ ఖర్చుతో కాలేజీ చదువు చెప్పించింది, నార్వే తాతలకు 1862 చట్టం పొలమిచ్చినట్టే.