పెద్దూరి కింద మన తండా

ఆ మొద్దు ఇంకొంచెం లోపలికి నెట్టు బిడ్డా, పొగంత నా మొఖానికే కొడ్తున్నది. ఆఁ, ఇగ చెప్త విను.

మన పెద్దలకు ఊరే లేకుండె. ఎడ్ల మీద ఉప్పు, గింజలు మోసుకుంట దేశం తిరిగినోళ్లు. బండ్లు కాదు, ఎద్దు వీపు మీదనే అటొక గోనె, ఇటొక గోనె. మన భాషల లదేణి అంటం. మొఘలు దండు దక్కనుకు వచ్చినప్పుడు దానికి గింజలు మోసింది మనోళ్లే. తర్వాత రైలు పడ్డది, సడకులు పడ్డయి. ఎద్దు మీద వచ్చే ఉప్పు ఇంకెవరు కొంటరు? ఏ గుంపు ఏ గుట్ట కాడ ఉంటె ఆ గుట్ట పక్కనే ఆగిపోయింది. ముందు నడిచిన నాయక్ పేరే తండాకు పేరయింది. కొట్లాటైనా, పెండ్లైనా ఆయన మాటనే.

కాయితంల మాత్రం మనం పెద్దూరి శివారు. పహాణీల పేరెక్కాలంటె పట్వారి వాకిట్ల చెప్పులిడిచి నిలబడాలె. చెల్క కొట్టి సాగు చేసింది మనం, పేరు ఇంకొకడిది. అందరూ ఊకున్నరనుకోకు. జనగామ దిక్కు ధర్మాపురం కాడ మన లంబాడోడు జాటోతు ఠాణు విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడ్డడు, సాయుధ పోరాటంల పాణమిచ్చిండు. ఎస్టీ హక్కుకు గూడ ఎదురుచూపే: ఆంధ్ర దిక్కు లంబాడోళ్లను ముందే ఎస్టీలల్ల చేర్చిండ్రు, మనకు 1976 చట్టం దాక ఆగాల్సి వచ్చింది.

నీళ్ల ముచ్చట చెప్పాలె. పంచాయతికి బోరింగు వస్తె పెద్దూరి చావిడి కాడనే పడేది. మీ దాది తెల్లారకముందే వాగుకు పోయేది. ఇసుకల చెలిమె తోడి, నీళ్లు ఊరేదాక పక్కన కూసునేది. చిప్పతోని ముంచి, కొంగు అడ్డం పెట్టి కడవలకు వడబోసేది. రెక్క నిండ గాజులాయె, వంగినప్పుడల్లా ఇసుకల గీరుకునేవి. కడవ నిండేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చేది. ఎండకాలమైతె రెండో కడవ ఆశ ఇడిసిపెట్టుడే.

రేషన్‌కు పెద్దూరు, పింఛనుకు పెద్దూరు, సర్పంచి సంతకానికి పెద్దూరు. పోయిన్నాడు సర్పంచి ఉండకపోతుండె. ఓట్లప్పుడు మాత్రం జీపు తండా నడిమిట్లకు వచ్చేది, అప్పుడు బాట మంచిగనే కనపడేది వాళ్లకు.

‘మా తండాల మా రాజ్యం’ అని ఎన్నేండ్లు మొత్తుకున్నమో. ఆఖరుకు ఐదొందల మంది ఉన్న తండాలు, గూడేలు పంచాయతీలు చేసిండ్రు, వెయ్యికి పైననే. 2018 ఆగస్టు 2 నుంచి మనది మనకే. 2019 జనవరిల సర్పంచి ఓటు మన తండా బడిలనే ఏసిన, చెప్పులు గూడ తొడుక్కోలే.

పంచాయతి ఆఫీసుకు ఇల్లు లేదు, బడి గదిలనే నడుస్తున్నది. బోర్డు మీద నాయక్ పేరు రాసిండ్రు గని రంగేసినోడు ఒక అక్షరం తప్పు రాసిండు. ఇంకా దిద్దలే.