తాడు ఎవరి చేతిలో?

1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు మురుగు కాలువల పథకం వేసిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య పేరు చరిత్రకెక్కింది. ఆ కాలువల్లో దిగినోళ్ల పేర్లు ఎక్కలేదు. పాతబస్తీలో మోరీ నిండి పొంగితే పిలుపొచ్చేది మన వాడలకే.

యంత్రం బాగుచేసేటప్పుడు మెయిన్ స్విచ్ బంద్ చేసి తాళం వేయాలె, తాళంచెవి పనిచేసేటోని జేబులోనే ఉండాలె. ఇది కార్ఖానా నీతి. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ ఇంకో మాట చెప్పింది: విషవాయువుండే గుంటలో దిగాలంటే గాలి పరీక్షించి సర్టిఫికెట్ ఇయ్యాలె, లేకుంటే దిగేటోనికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, దాని తాడు బయట ఒకరి చేతిలో ఉండాలె. కానీ వీధి మోరీ ఫ్యాక్టరీ కాదు గదా! ఈ తేడా హైడ్రోజన్ సల్ఫైడుకు తెలవదు. అది మోతాదు మించితే ముక్కు వాసన పట్టడమే మానేస్తది.

రక్షణ లేకుండా మోరీలో దింపడం 2013 చట్టంతో నేరమైంది. మోరీ చావుకు సుప్రీంకోర్టు పరిహారం 2014లో 10 లక్షలన్నది, 2023లో 30 లక్షలన్నది. చావుకు ధర పెరిగింది. తాడు మాత్రం ఇంకా చేతికి రాలేదు. పైన పంపు ఆపిన్రా, గాలి చూసిన్రా అని అడిగి, కాదంటే దిగననే హక్కు దిగేటోనికి ఉన్ననాడే అది చట్టం.