సుంకపు తక్కెడలో మన నేతవస్త్రము

హైదరాబాదు నుండి మచిలీపట్నమునకు పోవు బాటలో సూర్యాపేట దాటి కోదాడ చేరిన వారికి, అచ్చటికి కొలది దూరమున ఒకప్పుడు రెండు ప్రభుత్వముల సరిహద్దు ఉండెననుట నేడు తోచదు. ఇటు నిజాము సంస్థానము, అటు జగ్గయ్యపేట మొదలు బ్రిటిషు వారి కృష్ణా మండలము. మిర్యాలగూడకు దక్షిణమున కృష్ణానదియే ఎల్ల. ఈ ఎల్లను దాటు సరకుపై వసూలగు సుంకమును తెలంగాణమువారు కరోడ్‌గిరి యనిరి. ఎవరికి సుంకము తగ్గెను, ఎవరికి హెచ్చెను అను ప్రశ్న మన నేతగాని బ్రతుకును ఎట్లు తాకెనో ఇచ్చట విచారింతము.

ఈ కథకు మొదలు గోలకొండలో ఉన్నది. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఆంగ్ల వర్తకులకు ‘బంగారు ఫర్మానా’ యిచ్చెను. ఏటేట 500 పగోడాలు చెల్లించినచో, రాజ్యములోని రేవులయందు వారు వేరు సుంకము లేక వర్తకము చేసికొనవచ్చును. ఇది విదేశీయులకు మన గడ్డపై దొరకిన సుంకపు రాయితీ. తీరమున నేసి, అద్దిన వస్త్రములు ఓడలకెక్కినవి.

అవి ఇంగ్లండులో మిక్కిలి ప్రీతిపాత్రములైనవి. అందుచేతనే అచ్చటి నేతగాండ్రు అలజడి చేసిరి. 1700లో అద్దకపు వస్త్రముల దిగుమతిని, 1721లో వాటి ధారణను ఆ దేశము చట్టముచే నిషేధించినది. ఇచ్చట మనము తలుపు తెరచితిమి. అచ్చట వారు తలుపు మూసిరి.

1802లో నిజామునకు, కంపెనీకి జరిగిన వర్తక ఒడంబడిక సరిహద్దు దాటు సరకునకు నూటికి 5 వంతున సుంకము నిర్ణయించినది. మగ్గము చెంత కూర్చున్నవానికి ఆ ఒడంబడికలో నోరు లేదు. తరువాత ఆవిరి యంత్రముల నూలు, వస్త్రము వచ్చి పల్లె అంగడిని ముంచెత్తినవి. 1896లో బ్రిటిషు ప్రభుత్వము, లాంకషైరు మిల్లుల మేలు కోరి, భారతదేశపు మిల్లు వస్త్రముపై నూటికి 3½ వంతున ఎక్సైజు పన్ను విధించెను. 1925లో గాని అది నిలువలేదు. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన పిదప లోపలి సుంకములు క్రమముగా తొలగినవి.

స్వాతంత్ర్యము వచ్చిన దేశములు, ధనిక దేశములు తమ సరకునకు సుంకము తగ్గింపవలెనని కోరసాగినవి. 1968లో ఢిల్లీలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాణిజ్యాభివృద్ధి సదస్సు ఈ కోరికను అంగీకరించెను. 1971లో యూరపు ఆర్థిక సమాజము, 1976లో అమెరికా ఈ విధానమును అమలుపరచినవి. కాని అమెరికా తన పట్టికనుండి వస్త్రములలో అధికభాగమును తప్పించినది. అదిగాక 1974 నుండి బహుళ తంతు ఒప్పందము పేర వస్త్రముల దిగుమతికి పరిమితులు ఏర్పడెను. కుటీర పరిశ్రమలోని చేనేత వస్త్రమునకు మాత్రము ఆ ఒప్పందములో మినహాయింపు కలదు. 2005 జనవరి 1న ఆ పరిమితులు తొలగినవి. 2019లో అమెరికా భారతదేశమునకిచ్చిన రాయితీని ఉపసంహరించినది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలతోపాటు పూర్వము నల్లగొండ జిల్లాలోనే ఉండిన పోచంపల్లి, పుట్టపాక మగ్గములకు ఈ మినహాయింపు వలన ఏమి ఒరిగెను? నూలును నూనెలో, బూడిదనీటిలో నానవైచి, ముడులు వేసి, రంగులద్ది నేయు తేలియా రుమాలు పూర్వమే అరబ్బు దేశములకు పోయినది. చేతిపనియని రుజువు చేసిననే మినహాయింపు వర్తించును. రుజువు పత్రము వర్తకుని చేతిలో నుండును. కూలి మాత్రమే నేతగాని చేతికి వచ్చును. మరమగ్గము మీద ఇదే బొమ్మను అచ్చువేసి అగ్గువకు అమ్మువారు వచ్చినపుడు, ఆ పత్రము నేతగానిని కాపాడలేదు.

2005లో పోచంపల్లి ఇక్కత్తునకు, 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఫర్మానా వర్తకునికి దక్కెను. ఈ గుర్తింపు ఊరికి దక్కినది. కాని ఊరి పేరు నిలుచుట మగ్గము నిలుచుట కాదు. గుర్తింపు వలన హెచ్చిన ధరలో నేతగానికెంత చేరుచున్నదో కొనువారమైన మనము అడుగుట న్యాయము.