పెట్టె చెడినా పాట చెడకూడదు



పదో తరగతి చదివిన మనిషి కంప్యూటరు గురించి ఏం చెబుతుందిలే అని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. నిజమే, దాని లోపల ఏముందో నాకు తెలియదు. అయితే మిక్సీ లోపల ఏముందో తెలిసే మనం పచ్చడి రుబ్బుతున్నామా? అది కాలిపోయిన రోజున మాత్రం ఏది కొనాలి, పాత జార్లు కొత్తదానికి పడతాయా అని నాలుగిళ్ళూ తిరిగి అడుగుతాం గదా! కంప్యూటరు చెడినప్పుడు నేను చేసిందీ అదే. అడగ్గా అడగ్గా దాని వెనక ఒక పెద్ద చరిత్రే ఉందని తెలిసింది. ఆ చరిత్రా, దాంతో ముడిపడిన మా ఇంటి ముచ్చటా ఈ వేళ మీతో చెప్పుకుంటాను.

మా పుట్టిల్లు కడప జిల్లా వేముల. పులివెందులకు దగ్గర. తుమ్మలపల్లె యురేనియం గని మా మండలంలోదే అంటే గానీ బయటివాళ్ళకు గుర్తు రాదు. నాకు మాత్రం వేముల అంటే మా జేజి గొంతు. నాయనమ్మను మా వైపు జేజి అంటాం. ఆమెకు ఓనమాలు రావు. విసురురాయి ముందు కూర్చుంటే మాత్రం పాట తర్వాత పాట. శెనక్కాయలు ఒలిచేటప్పుడు ఒకటి, పెండ్లిలో నలుగుకు ఒకటి, బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు ఇంకొకటి. నేను పెండ్లయి ప్రొద్దుటూరు వచ్చాక డీటీపీ నేర్చుకున్నాను. 2006లో ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. ఊరికి పోయినప్పుడల్లా జేజి పాడగా నోటుబుక్కులో రాసుకొచ్చి, ఇక్కడ టైపు చేసి దాచేదాన్ని. అలా 132 పాటలయ్యాయి. ఇక భద్రంగా ఉన్నాయి గదా అని నోటుబుక్కులు అటకెక్కించాను. అక్కడ వాటిని చెదలు తిన్నాయి. 2009లో జేజి పోయింది. పాటలు మాత్రం కంప్యూటర్లో ఉన్నాయన్న ధైర్యం ఉండేది.

2025 మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోతూ వస్తూ ఆడింది. మర్నాడు మీట నొక్కితే తెర నల్లగా, మధ్యలో తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరుసలు. అంతే! రిపేరు షాపుకు మోయించుకుపోయాను.

"ఫార్మాట్ కొట్టాల్సిందే అక్కా. లోపల ఉండేదంతా పోతాది. ముఖ్యమైనవి ఏమన్నా ఉండాయా?" అన్నాడు ఆ పిల్లవాడు.

"మా జేజి ఉండాది నాయనా" అన్నాను. వాడికేం అర్థమవుతుంది పాపం!

మా అక్క కొడుకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. 2008లో పల్లెటూరి పిల్లల కోసమని పెట్టిన విశ్వవిద్యాలయమది. వేములకు పక్కనే ఉన్న వేంపల్లె మండలంలో ఉంది. వాడికి ఫోను చేస్తే, "చిన్నమ్మా, ఫార్మాట్ చేయనీయొద్దు. పెట్టె ఇంటికి తెచ్చేయ్. శనివారం నేనొస్తా" అన్నాడు.

వచ్చి, నా ఎదుట కూర్చుని వాడు మొదట చెప్పిన పాఠం ఇది. కంప్యూటరంటే ఉమ్మడి కుటుంబం అనుకోండి. పొయ్యి ఒకటి, రోలు ఒకటి, బావి ఒకటి. కోడళ్ళు అయిదుగురు. ఎవరు ఎప్పుడు పొయ్యి దగ్గరికి రావాలి, ఎవరి సామాను ఏ గూట్లో పెట్టాలి అని చెప్పే పెద్దదిక్కు అత్తగారు ఉండాలి. ఆ అత్తగారే ఆపరేటింగ్ సిస్టమ్. ఆవిడ మంచాన పడితే ఇల్లు స్తంభిస్తుంది. అంతమాత్రాన గూట్లో పప్పూ ఉప్పూ మాయమైపోవు గదా! ఫార్మాట్ అంటే అత్తగారికి జబ్బు చేసిందని ఇల్లంతా కడిగి గూళ్ళు ఖాళీ చేయడమన్నమాట.

ఈ అత్తగార్ల వంశచరిత్ర తెలుసుకోదగ్గది. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనేవారు యూనిక్స్ అనే వ్యవస్థకు పునాది వేశారు. మనవాళ్ళేమీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ ఏర్పడింది. డాక్టర్ ఎ.ఎస్. రావుగారు దానికి ప్రాణం పోశారు. పాతకాలపు ఈసీటీవీలు మీ ఇళ్ళలోనూ ఉండి ఉంటాయి. అవి చేసిన సంస్థే అది. అక్కడి నుంచి 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటరు వచ్చింది. అయితే అది ఇళ్ళలోకి వచ్చే వస్తువు కాదు.

ఇళ్ళలోకి వచ్చే దారి 1981లో పడింది. ఆ ఏడు ఐబీఎం కంపెనీ చిన్న కంప్యూటరు తెచ్చింది. దానికి మైక్రోసాఫ్ట్ వారి డాస్ అత్తగారయింది. తర్వాత 1995లో విండోస్ 95, 2001లో ఎక్స్‌పీ, 2009లో విండోస్ 7, 2015లో విండోస్ 10, 2021లో విండోస్ 11 వచ్చాయి. ఆ కంపెనీకి 2014 ఫిబ్రవరిలో అధిపతి అయిన సత్య నాదెళ్ళ మన తెలుగువాడే. వారి పెద్దలది మన పక్కనే ఉన్న పాత అనంతపురం జిల్లాలోని బుక్కాపురం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్త కోడలు వచ్చినట్టు కొత్త విండోస్ వచ్చాక, కొన్నేళ్ళకు పాతదానికి కంపెనీవారి మరమ్మతులు ఆగిపోతాయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న ఆగాయి. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ఆ గడువు తీరింది. మరమ్మతు లేకపోతే ఏమవుతుందంటారా? పెట్టె ఆ రోజే ఆగిపోదు. తలుపు గడియ వదులైన ఇల్లులా ఉంటుంది. విండోస్ 11 ఏమో పాతకాలపు పెట్టెలు చాలావాటిని తనకు తగినవిగా ఒప్పుకోదు. మాది 2014లో కొన్న రెండో పెట్టె, దానికీ ఆ అర్హత లేదు.

రెండో వంశం లినక్స్‌ది. సాఫ్ట్‌వేరును నలుగురూ చూసుకోవాలి, దిద్దుకోవాలి, పంచుకోవాలి అని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ఆయన గ్నూ అనే పని మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ కుర్రవాడు లినక్స్ రాశాడు. రెండూ కలిసి కుటుంబం పెద్దదయింది. వంటింటి చిట్కాల్లాగా ఒకరు చెప్పింది ఇంకొకరు మెరుగుపెట్టుకుంటూ పోయారు. మన దేశంలో సీ-డాక్ సంస్థ బాస్ పేరుతో ఒకటి చేసింది. తెలుగునాట స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులోనే మెనూలు కనబడే దాన్ని తయారుచేసింది. వీటికి డబ్బు కట్టనక్కర్లేదు.

సరే, మా శనివారం సంగతికి వస్తాను. మావాడు ఒక పెన్‌డ్రైవులో లినక్స్ తెచ్చి, దాంతోనే పెట్టెను లేపాడు. మా అత్తగారు మంచాన ఉండగా పొరుగింటి పెద్దమ్మ వచ్చి తాళాలు తీసినట్టన్నమాట. గూళ్ళు తెరుచుకున్నాయి! డిస్కు కొంత పాడయింది. 11 పాటలు చదవడానికి రాలేదు. మిగతా 121 వచ్చాయి. వాటిని ముందు వేరే డిస్కులోకి ఎత్తి, ఆ తర్వాతే తెరిచాం.

తెరిచేసరికి నా గుండె జారింది. తెలుగు ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు, చీమలు పాకినట్టు!

ఎందుకంటారా? నేను పాతకాలపు డీటీపీ ఫాంటులో టైపు చేశాను. ఆ పద్ధతిలో పెట్టె దాచేది ఇంగ్లీషు అక్షరాల గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు ముసుగు వేస్తుంది. ఫాంటు లేకపోతే ముసుగు జారిపోతుంది. దీనికి విరుగుడు 1991లోనే పుట్టింది. ఆ ఏడాది వచ్చిన యూనికోడ్ ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడి నంబర్లు ఇచ్చింది, అందులో తెలుగూ ఉంది. మన 'అ' నంబరు 3077, 'క' నంబరు 3093. ఏ దేశంలో, ఏ అత్తగారి ఇంట్లో తెరిచినా 3077 అంటే 'అ'నే. ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన పేర్లతో ఫాంటులు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇంత జరుగుతున్నా నేను తెలియక పాత పద్ధతిలోనే టైపు కొట్టుకుంటూ కూర్చున్నాను. ఆ తప్పు నాది.

పాత ఫాంటు నుంచి యూనికోడులోకి మార్చే సాధనాలున్నాయి. మావాడు వాటితో మార్చిపెట్టాడు. కానీ వత్తులు తారుమారయ్యాయి, కొమ్ములు ఎగిరిపోయాయి. రెండు నెలలు, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, ఒక్కొక్క పాటా పైకి పాడుకుంటూ దిద్దాను. నోటికి తట్టని చోట అక్షరం తప్పని తెలిసిపోయేది.

అప్పుడు నాకు గుర్తొచ్చిన మనిషి సి.పి. బ్రౌన్ దొర. 1820లో ఉద్యోగం మీద మన కడపకు వచ్చాడు. తాటాకు గ్రంథాలు చెదలు తిని పోతుంటే చూడలేక, కడపలో బంగళా కొని, పండితులను పెట్టి, ఒకే కావ్యానికి ఊరూరి ప్రతులు తెప్పించి, పోల్చి, తప్పులు దిద్ది కొత్త ప్రతులు రాయించాడు. సొంత డబ్బు పోశాడు, అప్పులూ చేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటనే నేడు బ్రౌన్ పేర గ్రంథాలయం ఉంది. తాటాకు శాశ్వతమని ఆయన అనుకోలేదు. పాత ఆకు పోకముందే కొత్త ఆకు మీదికి ఎక్కించాలని అనుకున్నాడు. డిస్కు కూడా తాటాకే గదమ్మా! కొంచెం మెరిసే తాటాకు.

ఇక ఏ అత్తగారిని తెచ్చుకున్నానంటే, పాత మానిటరూ కీబోర్డూ ఉంచుకుని, కొత్త డబ్బా కొని, అందులో లినక్స్ పెట్టించుకున్నాను. నా పని తెలుగులో టైపు చేయడం, రేడియో ప్రసంగాలు రాసుకోవడం, ఉత్తరాలు చూసుకోవడం. ఇంతకు అది చాలు. అన్నీ సుఖమే అని అబద్ధం చెప్పను. ప్రింటరు రెండు రోజులు మొండికేసింది. పాత పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు దీంట్లో నడవలేదు. మా వారి అంగడి లెక్కల సాఫ్ట్‌వేరు విండోసులో నడిచేది. కనుక ఆయన ల్యాప్‌టాపులో విండోస్ 11 అలాగే ఉంచాం. ఒక ఇంట్లో ఇద్దరు అత్తలున్నా ఇబ్బందేమీ లేదు.

మీరు కొనేటప్పుడు షాపులో మూడు మాటలు అడగండి. మా ఇంట్లో రోజూ వాడే పనులు దీంట్లో నడుస్తాయా? మరమ్మతులు ఏ ఏడాది దాకా వస్తాయి? మా ప్రింటరు దీనికి పడుతుందా? ఫార్మాట్ అనే మాట వినబడితే మాత్రం, ముందు లోపలివి వేరే చోటికి ఎత్తిందాకా సరే అనవద్దు.

పోయిన 11 పాటల కోసం వేముల వెళ్ళాను. జేజి ఈడువాళ్ళు ఇద్దరే మిగిలారు. "నీ జేజి పాట నా నోట్లో యాడుందిలే అమ్మీ" అంటూనే ఒక పెద్దమ్మ మొదలుపెట్టింది. సాయంత్రానికి ఏడు దొరికాయి. నాలుగు దొరకలేదు. వాటి పల్లవులు మాత్రం నాకు గుర్తున్నాయి, చరణాలు లేవు.

ఇప్పుడు ఆ 128 పాటలు యూనికోడులో కంప్యూటర్లో ఉన్నాయి, వేరే డిస్కులో మా అక్క ఇంట్లో ఉన్నాయి, కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఒక జేజో అమ్మమ్మో పాడుతూ ఉంటే, ఈ వారమే ఆమె పక్కన కూర్చోండి. రాసుకోండి. మూడు చోట్ల దాచండి. ఏ పెట్టె అన్నది తర్వాత చూసుకోవచ్చు.

సెలవు.