అరెస్టు ఈరోజే ఎందుకు?

2025 నవంబరు 2, ఆదివారం. ఇబ్రహీంపట్నంలో ఇంకా పూర్తిగా తెల్లారలేదు. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు మసగ్గా కనిపిస్తున్నాయి. రింగు సెంటర్లో బూడిద లారీ ఒకటి పట్టా సరిగ్గా కట్టకుండానే మలుపు తిరిగింది. రోడ్డు మీదా, టీ బంకు బల్ల మీదా సన్నటి తెల్లపొర.

ఇంతలో కబురు. మాజీ మంత్రి జోగి రమేష్ ఇంటిని పోలీసులు చుట్టుముట్టారట. టీ గ్లాసులు బల్ల మీదకి, ఫోన్లు చేతుల్లోకి. నకిలీ మద్యం కేసులో సిట్ వచ్చింది. ఆయన్నీ, తమ్ముణ్నీ అదుపులోకి తీసుకుంది. తనకే సంబంధమూ లేదంటున్నారాయన. నిజానిజాలు కోర్టు తేల్చాలి.

“పోయినేడు ఏసీబీ వాళ్లు రాలా?” అంటాడో పెద్దాయన.

వచ్చారు. 2024 ఆగస్టు 13న ఇదే ఇంటికి. అగ్రిగోల్డ్ భూముల కేసులో ఆయన కుమారుణ్ని అరెస్టు చేశారు. జూన్ 4న ఓట్ల లెక్కింపుతో ప్రభుత్వం మారి అప్పటికి సరిగ్గా పది వారాలు.

“మరి అంతకుముందు బాబుగారిని పట్టుకెళ్లలేదండీ?” బల్ల చివర నుంచి ఇంకో గొంతు.

అదీ నిజమే. స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో సీఐడీ ఎఫ్‌ఐఆర్ 2021 డిసెంబరు 9న. నంద్యాలలో చంద్రబాబు అరెస్టు 2023 సెప్టెంబరు 9న. మధ్యలో 21 నెలలు. తర్వాత ఎనిమిది నెలలకు పోలింగు. అరెస్టయిన రోజు రాత్రి, ఈ ఊరి మీదుగా పోయే హైవే మీదే విజయవాడ వస్తున్న పవన్ కల్యాణ్‌ను అనుమంచిపల్లి దగ్గర ఆపేస్తే, ఆయన రోడ్డు మీదే పడుకున్నారు.

ఈ మూడు అరెస్టులూ ఎన్నికల కోడ్ లేని రోజుల్లోనే జరిగాయి. దర్యాప్తు సంస్థలు నిష్పక్షపాతంగా ఉండాలని ఎన్నికల సంఘం 2019 ఏప్రిల్‌లో చెప్పింది గానీ, కోడ్ దాటితే ఆ మాటకు బలం లేదు. అరెస్టయ్యాక చట్టం రోజులు లెక్కపెడుతుంది: 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు, 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు. అరెస్టుకు ముందు గడిచిన నెలలకు మాత్రం లెక్క అడిగేవారు లేరు. ప్రభుత్వం మారినప్పుడల్లా దర్యాప్తు దిశ మారుతోందన్న అనుమానం పుట్టేది అక్కడే.

నేరం జరిగితే ఎన్నికలొస్తున్నాయని ఎవరినీ వదలకూడదు. కానీ ఇన్నాళ్లూ ఆగి ఈరోజే ఎందుకు అరెస్టు చేశారో రిమాండ్ రిపోర్టులో రాసి తీరాలి. ఈసారి మీకు నచ్చని నాయకుణ్ని తీసుకెళ్లినా సరే, ముందు ఎఫ్‌ఐఆర్ తేదీ అడగండి.