అపరిపక్వత

అపరిపక్వత అంటే పక్వానికి రాకపోవడం. వ్యాసాల్లో తరచు కనిపించే ఈ మాటను నోట పలికేవారు తక్కువ. బేతంచెర్ల, నంద్యాల వైపు పెద్దలు 'వానికి ఇంగా బుద్ధి రాల్యా' అంటారు. కాలేజీ పిల్లలైతే 'మెచ్యూరిటీ లేదు' అని తేల్చేస్తారు. పసితనం, కుర్రతనం ఇదే కుటుంబంలోవి అయినా వాటి బరువు వేరు. పసితనాన్ని ముద్దు చేస్తారు, కుర్రతనాన్ని కొంత వయసు వరకు సహిస్తారు. నలభై దాటిన మనిషిని మాత్రం మెచ్యూరిటీ లేదంటే అది తిట్టే.

పక్వం అన్న మాట ముందు కాయలకే వాడారా, మనుషులకే వాడారా అన్నది తేల్చడం కష్టం. అయితే వాడుకలోని సూక్ష్మ భేదాలు తోటలోనే బాగా తెలుస్తాయి. బేతంచెర్లకు పొరుగునే ఉన్న బనగానపల్లె పేరు మీదుగా వచ్చిన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు దక్కింది. తోటవాళ్లకు ముదరడం వేరు, మాగడం వేరు. తొడిమ చుట్టూ భుజాలు ఉబ్బితే కాయ ముదిరినట్టు లెక్క. నీళ్లలో వేస్తే ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. ముదిరిన కాయను పచ్చిగానే కోసి మాగబెడతారు. లేత కాయను కార్బైడ్‌తో మగ్గబెడితే పైన పసుపు తిరుగుతుంది, లోపల పులుపు పోదు. ఆహార భద్రత నిబంధనలు ఈ పద్ధతిని నిషేధించాయి. మనుషుల్లోనూ అంతే, వయసుకు మించిన మాటలాడే పిల్లవాణ్ని 'పిందెలోనే పండాడు' అనడంలో మెప్పు కంటే ఎత్తిపొడుపే ఎక్కువ.

ఆడపిల్ల విషయంలో కొలత మారిపోతుంది. రజస్వల కాగానే 'పెద్దమనిషి అయింది' అంటారు, ఇప్పుడు 'మెచ్యూర్ అయింది' అని కూడా. పంచాయితీలో తగవు తీర్చే పెద్దమనిషికీ, ఎనిమిదో తరగతి చదివే పిల్లకూ ఒకటే మాట! శారదా చట్టంగా పేరుపడ్డ 1929 నాటి చట్టం వధువు కనీస వయసును 14 ఏళ్లుగా పెట్టింది. 1978 సవరణతో అది 18కి చేరింది. శరీరం ఎదగడాన్నే పరిపక్వతగా లెక్కించే అలవాటు మాత్రం చట్టాలతో పాటు మారలేదు.

పెళ్లికే కాదు, గద్దెకూ వయసు చాలని సందర్భాలుంటాయి. పాలకుల పసితనానికి ఈ ప్రాంతంలోనే ఒక దాఖలా ఉంది. 1783లో బనగానపల్లె పాలకుడు హుసేన్ అలీ ఖాన్ చనిపోతే చిన్నవాడైన కొడుకు గులాం మహమ్మద్ అలీ వారసుడయ్యాడు, పినతండ్రి సంరక్షకుడిగా నిలిచాడు. ఏడాది తిరక్కుండానే టిప్పు సుల్తాన్ వారిని వెళ్లగొట్టాడు. హైదరాబాదులో తలదాచుకున్న ఆ కుటుంబం 1789 ప్రాంతంలో బనగానపల్లెను తిరిగి దక్కించుకుంది. వారసుడు పెద్దవాడై ఉంటే టిప్పు ఆగేవాడా అంటే, అలా అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

బ్రిటిషు వారి కాలంలో వయసు చాలని ఈ స్థితికి 'మైనరు' అన్న పేరు స్థిరపడింది. తెలుగులో దాని అర్థం విచిత్రంగా మళ్లింది. మైనరు బాబు అంటే సిల్కు లాల్చీ, మెడలో మైనరు గొలుసు, చేతినిండా డబ్బు ఉన్న విలాసపురుషుడు. చిన్న వయసు షోకుల వల్లే ఈ అర్థం వచ్చిందని ఒక వివరణ. వయసు రాని వారసుల ఎస్టేట్లను చూసే ప్రభుత్వ సంస్థ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ సంరక్షణలో ఉన్న జమీందారీ వారసుల నుంచి వచ్చిందని మరొకటి. రెండోదే బలంగా కనిపిస్తుంది. 1875 మెజారిటీ చట్టం అందరికీ 18 ఏళ్లు పెట్టినా, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కింద ఉన్నవారు 21 దాకా మైనర్లే. మీసాలు మెలేసే వయసులోనూ చట్టం దృష్టిలో వారు పిల్లలే. తమిళంలోనూ మైనరు, మైనరు చైను ఇదే అర్థంలో ఉండటం మద్రాసు ప్రెసిడెన్సీ మూలాన్ని సూచిస్తుంది. ఆ 21 ఏళ్ల మినహాయింపు 1999లో రద్దయింది.

బేతంచెర్ల నాపరాయి గనుల్లో ఈ వయసు లెక్క ఇంకో రూపంలో వర్తిస్తుంది. గనుల చట్టానికి 1983లో వచ్చిన సవరణ 18 ఏళ్లు నిండనివారిని గనిలో పనికి పెట్టుకోకూడదంది. అప్రెంటిస్‌లు, శిక్షణలో ఉన్నవారికి మాత్రం 16 నుంచి, తగిన పర్యవేక్షణలో, వీలు కల్పించింది. అన్నట్టు, ఆ నాపబండలు కూడా ప్రభుత్వ పరిభాషలో 'మైనరు' ఖనిజమే.