ఖరాదు మీద గోళం

గోళానికి ఉర్దూ లెక్కల పుస్తకంలో 'కురా' అని పేరు. బోర్డు మీద ఎన్ని గీతలు గీసినా పిల్లల కంటికి అది పళ్ళెంలాగే కనబడుతుంది. అందుకని మేము మా వీధిలోని ఖరాదీ సాహెబును ఒక కొయ్య బంతి చేసిపెట్టమని అడిగాము. ఆయన బడి మెట్లెక్కిన మనిషి కాదు. ఆ పూట మాత్రం మేమే ఆయన దగ్గర విద్యార్థులమైనాము.

ముందు కర్రను స్తంభంలా తిప్పి, లావెంతో పొడుగూ అంతే ఉంచినారు. నడుమ పెన్సిలుతో ఒక గీత పెట్టి, రెండువైపుల అంచులు చెక్కినారు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తరువాత. బంతిని ఊడదీసి, అడ్డం తిప్పి, గిన్నెల్లా తొలిచిన రెండు కర్రముక్కల మధ్య మళ్ళీ బిగించినారు. ఇప్పుడది తిరుగుతుంటే, గుండ్రం కాని మేర అంతా పైన నీడలాగ అదురుతుంది. ఉలి ఆ నీడనే తినాలి. నీడ పోయేదాకా చెక్కడం, మళ్ళీ పక్కకు తిప్పి బిగించడం. చివరకు ఒక ఇనుప కడియం బంతికి ఆనించి వెలుతురుకెత్తి చూసినారు. ఎటు తిప్పి ఆనించినా సందు కనబడకూడదట. గోళాన్ని ఎటు కోసినా వృత్తమే వస్తుందని మేము చెప్పే సూత్రం అదే కదా! పచ్చికర్ర వాడితే బంతి ఆరినాక గుడ్డులా అవుతుందనీ చెప్పినారు. కర్ర అడ్డంగా ముడుచుకున్నంత పొడుగున ముడుచుకోదు.

ఈ పని చాలా పాతది. ఈజిప్టులో పెతోసిరిస్ సమాధి గోడమీద, క్రీ.పూ. 300 ప్రాంతపు చిత్రంలో, ఒకడు తాడు లాగుతుంటే ఇంకొకడు ఉలి పట్టి ఉన్నాడు. ఇక మాట సంగతి. అరబ్బీలో ఈ పనివాడు 'ఖర్రాత్'. ఫారసీ, ఉర్దూల మీదుగా అది మన దగ్గర 'ఖరాదు' అయింది. 'తరిమెన' అనే తెలుగు మాట ఉండగానే ఇదీ వచ్చి చేరింది.

కర్ణాటకలో బెంగుళూరు, మైసూరుల నడుమనున్న చన్నపట్నలో (మన పాత చెన్నపట్నం మద్రాసు కాదు) లక్కబొమ్మల పనికి టిప్పు సుల్తాన్ పారశీక పనివాళ్ళను రప్పించాడని చెప్పుకుంటారు. బవాస్ మియాను ఆ పనికి పెద్దగా తలుస్తారు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలోనూ అదే అంకుడుకర్ర, అదే లక్క. తిరిగే కర్రకు లక్కకడ్డీ అదిమితే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. అక్కడి పనికి టిప్పు కథతో సంబంధం లేదు. మాట ఒక దారిన, పని ఇంకో దారిన వచ్చాయని మా అభిప్రాయం.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కాని మంచంకోళ్ళు, బొంగరాలు చేసే వీధి ఖరాదీని అడిగేవారేరి? మోటారు వచ్చి తాడు లాగేవాడి కూలి ఎప్పుడో పోయింది. మా సాహెబు కొడుకులిద్దరూ వేరే పనుల్లో ఉన్నారు.

ఆ బంతి ఇప్పుడు మా తరగతి బల్లమీద ఉన్నది. కడియం కూడా ఇమ్మని అడిగితే సాహెబు ఇవ్వలేదు. అది ఆయన ఉస్తాదుదట.